మట్టిమనుషుల చిత్రకారుడు – మిలే

శ్రమించే మనిషిని చిత్రించడానికి చేతి నైపుణ్యం ఒక్కటే చాలదు. ఆ శ్రమ బరువు తెలిసిన మనస్సు కూడా కావాలి. ఈ సత్యాన్ని తన జీవితంతో నిరూపించిన ఫ్రెంచి చిత్రకారుడు జాన్ ఫ్రాన్స్వా మిలే.

మిలే 1814 అక్టోబరు 4వ తేదీన ఫ్రాన్సులోని నార్మండీ తీరాన, గ్రుషీ అనే కుగ్రామంలో రైతు కుటుంబంలో జన్మించాడు. బాల్యం నుండి తండ్రితో కలిసి పొలం పనులన్నీ చేశాడు. గ్రామంలోని మతగురువుల వద్ద లాటిను నేర్చి వర్జిల్ కావ్యాలు చదివాడు. కుమారుని అభిరుచిని గుర్తించిన తండ్రి, చిత్రకళాభ్యాసానికి షెర్‌బూర్ పట్టణానికి పంపాడు. 1835లో తండ్రి మరణించగా మిలే కుంచె విడిచి సేద్యానికి మరలివచ్చాడు. కాని నాయనమ్మ ఇంటి కష్టాన్ని లెక్కచేయక, అతనిని తిరిగి చిత్రకళ వైపే నడిపించింది.

1837లో షెర్‌బూర్ పట్టణం ఇచ్చిన ఉపకారవేతనంతో ఆయన పారిస్ చేరాడు. అక్కడి గురువులు చారిత్రక, పౌరాణిక దృశ్యాల చిత్రణకే ప్రాధాన్యమిచ్చేవారు. ఆ బోధన ఆయన మనస్సుకు పట్టలేదు. లూవ్ర్ ప్రదర్శనశాలలోని మైకెలాంజిలో, పుస్సాన్ చిత్రాలే ఆయనకు నిజమైన గురువులయ్యాయి. 1839లో ఉపకారవేతనం నిలిచిపోయింది. బ్రతుకుతెరువుకై ఇతరుల రూపచిత్రాలు వేయవలసివచ్చింది. 1844లో భార్య క్షయవ్యాధితో కన్నుమూసింది.

1848లో ధాన్యం చెరిగే శ్రామికుని చిత్రాన్ని ప్రదర్శించడంతో మిలేకు తన మార్గం స్పష్టమైంది. మరుసటి సంవత్సరం పారిస్‌లో కలరా ప్రబలగా, కుటుంబంతో ఫోంటెన్‌బ్లో అడవి అంచున ఉన్న బార్బిజోన్ గ్రామానికి తరలిపోయి, జీవితాంతం అక్కడే నివసించాడు.

పొలాలలో తిరుగుతూ కూలీల కదలికలను చిన్నచిన్న రేఖలలో గుర్తించుకోవడం, తరువాత ఇంటివద్ద జ్ఞాపకం నుండి చిత్రించడం ఆయన పద్ధతి. జ్ఞాపకంలో అనవసరమైనవి రాలిపోయి, వంగిన నడుము, బరువుకు కుంగిన భుజం మాత్రమే మిగిలేవి. మనిషిని పొలానికి అలంకారంగా కాక, పొలంతో విడదీయరాని భాగంగా చూపడం ఆయన ఆ విధంగా అభ్యసించాడు.

ఈ సాధనకు పరిపక్వఫలం 1857లో ప్రదర్శించిన ‘పరిగె ఏరుకునే స్త్రీలు’. కోత ముగిసిన చేలలో రాలిన వెన్నులను ఏరుకోవడం ఆనాటి పేదలకు సంప్రదాయసిద్ధమైన హక్కు. చిత్రంలో దూరాన ఎండ వెలుగులో ధాన్యపు కుప్పలు, నిండిన బండి, గుర్రంపై పర్యవేక్షకుడు కనిపిస్తారు. ముందుభాగాన ముగ్గురు పేద స్త్రీలు. వారిలో బాగా వంగిన ఇద్దరూ దిగంతరేఖకు దిగువనే ఉండి, నేలకు కట్టుబడినట్లు తోస్తారు. సమృద్ధి దూరాన, దారిద్ర్యం దగ్గరగా నిలిచిన ఆ అమరికలోనే చిత్రకారుని హృదయం ఉంది. 1848 విప్లవాన్ని మరువని సంపన్నవర్గాలకు ఈ చిత్రం బెదిరింపుగా తోచింది. తీవ్ర విమర్శలు చెలరేగాయి. తొమ్మిదిమంది సంతానంతో అప్పుల పాలైనప్పటికీ మిలే తన వస్తువును మార్చుకోలేదు.

కాలక్రమాన కీర్తి ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. 1868లో ఫ్రెంచి ప్రభుత్వం ‘లెజియన్ ఆఫ్ ఆనర్’ పురస్కారంతో సత్కరించింది. 1875 జనవరి 20న బార్బిజోన్‌లో మిలే మరణించాడు. తరువాత విన్సెంట్ వాన్ గో, 1889–90లలో చికిత్సాలయంలో ఉన్నప్పుడు, మిలే చిత్రాల ముద్రణలను ముందుంచుకొని కోత, నూర్పిడి దృశ్యాలను తన రంగులలో తిరిగి చిత్రించాడు.

చేలో రాలిన వెన్నును ఏరుకునే చేతులలోనూ మహాకావ్యానికి తగిన గాంభీర్యం ఉందని మిలే లోకానికి చూపాడు. తాను పుట్టిన మట్టిని మరువకపోవడమే ఆయన నేర్చిన విద్యలలోకెల్ల గొప్ప విద్య.