వేటకు హద్దు గీచిన వేటకాడు: థియొడోర్ రూజ్వెల్టు

మృగములను వేటాడువాడే ఆ మృగముల వంశము నిలుచుటకు పాటుపడుట వింతగా తోచును. అమెరికా సంయుక్తరాష్ట్రములకు 26 వ అధ్యక్షుడైన థియొడోర్ రూజ్వెల్టు జీవితమున ఈ వింత నిజమైనది. అతని చరిత్రలో మనుష్యులతోపాటు ఎల్కు అను మృగమునకును చోటు కలదు. ఎల్కు మన అడవులలోని కణుజునకు చుట్టము, దానికంటె పెద్దది. ఎదిగిన మగ ఎల్కు సుమారు 300 కిలోల బరువు తూగును. ఏటేట రాలి మరల మొలచు దాని కొమ్ములు శాఖలు శాఖలుగా చీలి నాలుగడుగుల పొడవు వరకు పెరుగును. షానీ జాతివారు దానిని వాపిటీ అందురు. తెల్లని పిరుదు గలదని ఆ మాటకు అర్థము.

రూజ్వెల్టు 1858 అక్టోబరు 27 న న్యూయార్కు నగరమున సంపన్న కుటుంబమున జన్మించెను. బాల్యమున ఉబ్బసము అతనిని మిక్కిలి పీడించెను. రాత్రులందు ఊపిరాడక తల్లడిల్లు బిడ్డను తండ్రి ఎత్తుకొని గదులలో తిరుగుచుండెడివాడు. దేహమును నీవే దృఢపరచుకొనవలెనని తండ్రి బోధింపగా బాలుడు ఆ మాటను జీవితాంతము పాటించెను. ఒకనాడు అంగడిలో కనుపించిన సీలు మృగపు కపాలమును సంపాదించి, ఇంటిలోనే చిన్న ప్రదర్శనశాల నెలకొల్పెను. పదుమూడవ యేట చేతికి తుపాకి వచ్చినపుడు, తోడివారికి కనుపించు గురి తనకు కనుపించుట లేదని తెలిసికొనెను. కండ్లజోడు పెట్టుకొన్న పిదపగాని ఆకుల నడుమ నున్న పిట్టలను అతడు చక్కగా చూడజాలలేదు. మసకచూపు గల ఈ బాలుడే తరువాత పేరుపొందిన వేటకాడయ్యెను. తాను గొప్ప గురికాడను కానని అతడు దాచక చెప్పుకొనెను. అతని బలము ఓర్పునందు, పట్టుదలయందు ఉండెను.

1880 లో హార్వర్డు విశ్వవిద్యాలయమున పట్టము పొంది, ఆ యేడే ఆలిస్ లీని వివాహమాడెను. 1882 లో న్యూయార్కు రాష్ట్ర శాసనసభలో ప్రవేశించెను. మరుసటి యేడు బైసను వేటకై పశ్చిమమున డకోటా ప్రాంతమునకు పోయెను. ఒకప్పుడు మైదానములను నల్లగా కప్పివేసిన ఆ మృగములలో ఒక్కటి దొరకుటకు పలుదినములు వెదకవలసి వచ్చెను. అంతలో పిడుగుపాటు వంటి దుఃఖము కలిగెను. 1884 ఫిబ్రవరి 14 న, ఒకే దినమున, ఒకే యింట, తల్లియు భార్యయు మరణించిరి. కుమార్తె పుట్టి అప్పటికి రెండు దినములే. శిశువును అక్క చేతికి అప్పగించి, రూజ్వెల్టు ఆ డకోటాకే పోయి పశువుల మందల పోషణకు పూనుకొనెను.

లిటిల్ మిస్సోరి నది యొడ్డున ఇంటి కొరకు ఎన్నుకొన్న చోట అతనికి రెండు మగ ఎల్కుల కపాలములు దొరకెను. వాని కొమ్ములు ఒండొంటితో పెనవైచుకొని యుండెను. జతకాలమున పోరాడి, కొమ్ములు చిక్కుపడి, విడదీసికొనలేక ఆ రెండును చచ్చినవి. దానిని బట్టియే అతడు తన నివాసమునకు ఎల్కుకొమ్ము అను అర్థము వచ్చు ఎల్కుహార్ను అను పేరు పెట్టెను. అయితే ప్రాణముతోనున్న ఎల్కులు ఆ చుట్టుప్రక్కల అప్పటికే మిక్కిలి అరుదైపోయెను.

అందుచేత 1884 ఆగస్టులో రూజ్వెల్టు బండిని, గుఱ్ఱములను సిద్ధపరచుకొని వయోమింగులోని బిగ్‌హార్ను పర్వతములకు బయలుదేరెను. మెరిఫీల్డు అను పశువుల కాపరి అతనికి తోడు. ఆ యాత్ర సుమారు ఏడు వారములు సాగెను. ఎత్తైన కొండలమీది దేవదారు అడవులలో, చలిగాలులలో, మెత్తని తోలు చెప్పులు తొడిగి అడుగుల చప్పుడు వినబడకుండ ఎల్కుల జాడలు పట్టిరి. ఎల్కు చూపుకంటె దాని ముక్కు ప్రమాదకరము. గాలి వేటకాని వైపునుండి మృగమువైపు వీచినచో గంటల శ్రమ క్షణములో వ్యర్థమగును. కావున గాలికి ఎదురుగా నడువవలెను. చచ్చిన ఎల్కు మాంసమును కోసి, గుఱ్ఱములమీద వేసి, బస వరకు దింపుట వేటకంటె కష్టమైన పని. సెప్టెంబరులో అతడు విన్‌చెస్టరు రైఫిలుతో పెద్ద గ్రిజ్లీ ఎలుగును కొన్ని అడుగుల దూరమునుండి కొట్టెను. ఆనాడు ఆ పర్వతములందు వేటను అదుపులో నుంచు హద్దు లేదు, గణన లేదు.

ఈ యనుభవములతో 1885 లో అతడు ఒక గ్రంథము ప్రకటించెను. దానిని సమీక్షించిన పత్రికా సంపాదకుడు జార్జి బర్డు గ్రిన్నెల్ కొన్ని లోపములను ఎత్తిచూపెను. రూజ్వెల్టు వాదించుటకై అతని కార్యాలయమునకు పోయి, మాటలు ముగియునప్పటికి అతనికి మిత్రుడై వచ్చెను. గ్రిన్నెల్ 1875 లో సైనికోద్యోగి లడ్లో వెంట ఎల్లోస్టోన్ ప్రాంతమును చూచినవాడు. అచట చర్మముల వర్తకులు ఎల్కులను గుంపులు గుంపులుగా కూల్చి, తోలు మాత్రము ఒలుచుకొని, మాంసమును కుళ్లుటకు వదలిన తీరు అతనికి తెలియును. రైలుమార్గములు దూరపు సంతలకు దారి తెరచెను. గనుల పట్టణములు మాంసమును కొనెను. కొంతకాలమునకు ఎల్కు పైదవడలోని రెండు కోరపండ్లను నగలుగా ధరించు వాడుక వ్యాపింపగా, రెండు పండ్ల కొరకు పెద్ద మృగమును చంపువారు కూడ బయలుదేరిరి. ఒక మనిషి చేతిలోని రైఫిలు చేసిన నష్టము కొంచెము. ఆ రైఫిలు వెనుక సంత నిలిచినపుడు మంద మిగులలేదు.

1887 డిసెంబరులో రూజ్వెల్టు, గ్రిన్నెల్ మరికొందరు కలిసి బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు అను సంఘమును స్థాపించిరి. సభ్యులందరును వేటకాండ్రే. లోతైన మంచులో కూరుకొని కదలలేని మృగమును చంపుట, నీటిలో ఈదుచున్నదానిని పడవనుండి కొట్టుట, రాత్రి వెలుగు చూపి భ్రమింపజేసి కాల్చుట న్యాయమైన వేట కాదని వారు నియమము చేసిరి. మృగమునకు తప్పించుకొను అవకాశము ఉండవలెను. అదియే వారి న్యాయము.

1891 సెప్టెంబరులో రూజ్వెల్టు ఎల్లోస్టోనుకు దక్షిణముననున్న రెండు సముద్రముల కనుమకు ఎల్కు వేటకై పోయెను. అచట ఒకే వాగు రెండుగా చీలి, ఒక పాయ అట్లాంటిక్కునకు, మరియొకటి పసిఫిక్కునకు ప్రవహించును. అది జతకాలము. మగ ఎల్కు మెడ చాచి చేయు కేక పిల్లనగ్రోవి వలె లేచి, కొండనుండి కొండకు మారుమ్రోగును. ఆ ధ్వనిని ఆలకించుచు రూజ్వెల్టు మందల వెంట నడచెను. 1893 లో ప్రకటించిన మరియొక గ్రంథమున ఆ వేటను వర్ణించెను. అతడు వేటను మానలేదు. అయితే తాను విన్న ఆ కేక తరువాతి తరములవారికి వినబడునా యను చింత అతనిని విడువలేదు.

ఆ చింత చట్టముగా మారుటకు కాలము పట్టెను. ఎల్లోస్టోన్ 1872 లోనే జాతీయవనమైనను, దొంగవేటకానిని శిక్షించు చట్టము అచట లేకుండెను. 1894 మార్చిలో ఒకడు బైసనులను చంపుచు పట్టుబడగా గ్రిన్నెల్ పత్రిక ఆ వార్తను దేశమంతట చాటెను. క్లబ్బు సభ్యులు పట్టుబట్టిరి. రెండు నెలలు తిరుగకుండ, మే 7 న, రక్షణ చట్టము వచ్చెను. 1897 లో పసిఫిక్ తీరపు అడవులలోని ఎల్కులను ప్రత్యేకముగా గుర్తించిన మెరియం అను శాస్త్రజ్ఞుడు వానికి రూజ్వెల్టు పేరు పెట్టెను.

1901 సెప్టెంబరులో మెకిన్లీ హతుడు కాగా రూజ్వెల్టు అధ్యక్షుడయ్యెను. 1902 లో మిస్సిసిపి అడవులలో కుక్కలు తరిమి, త్రాటితో చెట్టునకు కట్టిన ఎలుగును కాల్చుటకు అతడు నిరాకరించెను. గాయపడిన దానిని బాధనుండి విడిపింపుడని ఇతరులను ఆదేశించెను. పిల్లలాడుకొను టెడ్డీ ఎలుగుబొమ్మ పేరు ఈ సంఘటన ఫలమే. 1903 లో పెలికన్ ద్వీపమును పక్షులకు ఆశ్రయముగా ప్రకటించెను. పదవీకాలము ముగియునప్పటికి 5 జాతీయవనములు, 18 జాతీయ స్మారకములు, 51 పక్షిరక్షణ స్థలములు, 150 జాతీయారణ్యములు ఏర్పడెను. అన్నియు కలిసి సుమారు 23 కోట్ల ఎకరములు. పదవిని వీడుటకు రెండు దినములు ముందు, 1909 మార్చి 2 న, తన పేరు గల ఎల్కుల నివాసమైన ఒలింపస్ పర్వతప్రాంతమును స్మారకముగా ప్రకటించెను. 1938 లో అది జాతీయవనమయ్యెను.

ఈ చరిత్రలో నీడలును కలవు. తోడేళ్లను, కొండసింహములను అతడు చాలకాలము పీడగానే యెంచెను. 1906 లో గ్రాండ్ కాన్యన్ అంచున ఏర్పడిన మృగరక్షణ స్థలమున ఆ క్రూరమృగములను చంపగా, లేళ్లు మితిమీరి పెరిగి, మేత చాలక, 1920 ప్రాంతములలో వేలకొలదిగా మాడినవి. 1909 లో ఆఫ్రికాకు పోయి, కుమారునితో కలిసి 500 కు మించిన మృగములను ప్రదర్శనశాలల పేర కూల్చెను. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. కొత్త వేట చట్టములు ఆ అడవుల ఆదివాసులతో చేసికొన్న ఒప్పందములను లెక్కింపలేదు. 1896 లో బానాక్ జాతివారి ఎల్కు వేట హక్కును సుప్రీంకోర్టు త్రోసివేసెను. బిగ్‌హార్ను అడవిలో ఎల్కును వేటాడిన క్రో జాతీయుని వ్యాజ్యమున, రాష్ట్రము ఏర్పడుటచేత 1868 నాటి ఒప్పందపు హక్కు నశింపదని ఆ కోర్టే తీర్పు చెప్పునప్పటికి 2019 వచ్చెను. రూజ్వెల్టు అడ్డులేక వేటాడిన కొండలు అవియే.

1919 జనవరి 6 న రూజ్వెల్టు సాగమోర్ హిల్ గృహమున నిద్రలో కన్నుమూసెను. యూరపువారు రాకపూర్వము ఉత్తర అమెరికాలో కోటి ఎల్కులు ఉండెడివని అంచనా. ఇరువదవ శతాబ్ది ఆరంభమున లక్షకు లోబడి మిగిలెను. నేడు సుమారు పది లక్షలు కలవు. ఇది ఒక్కని ఘనత కాదు. 1912 లో జాక్సన్ లోయలో ఎల్కులకు శీతకాలపు ఆశ్రయము ఏర్పడెను. 1937 నాటి చట్టము తుపాకులమీద, తూటాలమీద వచ్చు పన్నును వన్యమృగ రక్షణకు కేటాయించెను.

నేటికిని పశ్చిమ రాష్ట్రములందు శరత్కాలము వచ్చిన రైఫిలు వేట ఋతువు ఆరంభమగును. అయితే వేటకాడు ముందుగా అనుమతి పొందవలెను. చాలచోట్ల చీట్లు తీసి అనుమతులిత్తురు. ఏ కొండయందు, ఏ దినములందు, మగదానినా ఆడదానినా యను నిర్ణయము అందులోనే యుండును. చంపిన మృగమునకు చీటి కట్టవలెను. తినదగిన మాంసమును అడవిలో వదలరాదు. చేతనున్న ఆయుధము 1884 నాటి దానికంటె శక్తివంతమైనది. చేతికి కట్టిన నియమము అంతకంటె బలమైనది. చేయగలిగినదంతయు చేయక ఆగుట నేర్చిన వేటకాండ్రు గలుగుటచేతనే ఆ కొండలలో శరత్కాలపు ఉదయములందు ఎల్కు కేక ఇంకను వినబడుచున్నది.