మందను చూడని కాపరి

ధ్యాన భాగము: యెహెజ్కేలు 34:1–16



మందను మేపక తమ్మును తామే పోషించుకొను కాపరులను యెహెజ్కేలు ప్రవక్త గద్దించిన ఈ భాగమును చదివినప్పుడెల్ల, ఇంగ్లండు దేశపు బిషప్పు రిచర్డు ఫాక్సు నాకు జ్ఞాపకము వచ్చును. అతడు సోమరి కాడు, తెలివితక్కువవాడును కాడు. అతని శ్రమయంతయు వేరొక యజమానునికి చెల్లుచుండెను, అంతే.

ఫాక్సు 1448 ప్రాంతమున లింకన్‌షైరులోని రాప్స్లీ గ్రామమున జన్మించెను. పారిసులో ఉన్న దినములలో, స్వదేశమును విడిచి ప్రవాసములోనున్న హెన్రీ ట్యూడరు పక్షమున చేరెను. 1485లో హెన్రీ యుద్ధమున గెలిచి ఏడవ హెన్రీ రాజాయెను. కష్టకాలమున తన వెంట నిలిచినవానిని రాజు మరువలేదు. 1487లో అంతరంగ రాజముద్రను అతని చేతికప్పగించెను.

ఆ కాలమున రాజులు తమ కొలువువారికి సంఘపు పదవులనే జీతముగా ఇచ్చుచుండిరి. ఫాక్సు 1487లో ఎక్సిటరుకు, 1492లో బాతు-వెల్సుకు, 1494లో డర్హాముకు, 1501లో వించెస్టరుకు బిషప్పాయెను. ఈ చివరిది మిక్కిలి ధనముగల అధ్యక్షఖండము. ఎక్సిటరు, వెల్సు దేవాలయములనైతే అతడు కన్నులార చూచియుండలేదు! ఆదాయము వచ్చుచుండెను, కాపరి రాలేదు. అతడు సంధులు కుదుర్చుచు రాజసభలోనే యుండెను. 1503లో రాజకుమార్తె మార్గరెట్టును స్కాట్లండు రాజు నాలుగవ జేమ్సునకిచ్చి వివాహము చేయుటకు పాటుపడినవారిలో అతడొకడు.

ఎనిమిదవ హెన్రీ కాలమున ఫాక్సు మనస్సాక్షి అతనిని పొడువసాగెను. దేవుడు తనకప్పగించిన ఆత్మలను గూర్చి లెక్క అడుగునన్న భయము అతనిని విడువలేదు. 1516లో, దాదాపు ముప్పది యేండ్లు మోసిన రాజముద్రను విడిచిపెట్టి, తన వించెస్టరు ప్రజల యొద్దకు వెళ్లెను. అప్పటికతడు వృద్ధుడు.

మిగిలిన దినములను అతడు వ్యర్థపరచలేదు. తన ప్రాంతపు మఠములలోని స్త్రీలకు లాటిను తెలియదని గ్రహించి, వారు అనుసరించు బెనెడిక్టు నియమావళిని ఇంగ్లీషులోనికి తర్జుమా చేసి 1517లో అచ్చు వేయించెను. ఆ యేడే ఆక్స్‌ఫర్డులో కార్పస్ క్రిస్టీ కాలేజీని స్థాపించెను. మొదట అది సన్యాసుల కొరకని తలంచినను, ఎక్సిటరు బిషప్పు హ్యూ ఓల్దాము సలహాపై అందరు విద్యార్థులకు ఉపయోగపడునట్లు మార్చెను. అక్కడ గ్రీకు భాష నేర్పుటకు ఒక ఉపన్యాసకుని ఏర్పరచెను. క్రొత్త నిబంధన వ్రాయబడిన భాష అదియే గదా!

అతడు సంస్కర్త కాడు. రోమా సంఘములోనే జీవించి మరణించెను. అయినను దేవుడు అతని విత్తనమును వాడుకొనెను. ఆ కాలేజీ అధ్యక్షుడైన జాన్ రెయినాల్డ్సు 1604లో, బైబిలును ఇంగ్లీషులోనికి క్రొత్తగా తర్జుమా చేయవలెనని రాజు నెదుట కోరెను. ఆ రాజైన జేమ్సు, ఫాక్సు వివాహము కుదిర్చిన మార్గరెట్టు మునిమనుమడే! ఆ తర్జుమా 1611లో వెలువడెను.

చివరి సంవత్సరములలో ఫాక్సు చూపు కోల్పోయెను. చూపున్న దినములలో చూడని మందను, చూపు పోయిన దినములలో విడువక, 1528 అక్టోబరు 5న మరణించెను. వించెస్టరు దేవాలయములోని అతని సమాధియందు బిషప్పు వైభవము కానరాదు. ఎముకలు తేలిన శవపు శిల్పము మాత్రమే పరుండియున్నది.

కాపరినైన నేను ఇది వ్రాయుచు సిగ్గుపడుచున్నాను. కమిటీల కొరకు ఎన్ని మైళ్లు ప్రయాణము చేసితిని! మా పేట చివరనున్న రోగి గుమ్మమును ఎన్నిసార్లు తొక్కితిని? తండ్రులారా, తల్లులారా, దేవుడు మీకప్పగించిన మంద మీ యింటిలోనే యున్నది. ఫాక్సు ఆలస్యముగా తిరిగెను గాని, తిరిగెను. మనము ఇంత ఆలస్యము చేయవలెనా?

ఈ వారము 1 పేతురు 5:1–4ను కుటుంబముగా చదివి ప్రార్థించుడి.