స్టెపాన్ మకరోవ్

స్టెపాన్ ఒసిపోవిచ్ మకరోవ్ (1849 జనవరి 8 - 1904 ఏప్రిల్ 13) రష్యా నౌకాదళ వైస్ అడ్మిరల్, సముద్ర శాస్త్రవేత్త. ఇతడు నేటి ఉక్రెయిన్‌లోని మైకొలాయివ్‌లో జన్మించాడు. ముందుభాగంతో మంచుపైకి ఎక్కి, తన బరువుతోనే దానిని విరగగొట్టే బలమైన ఐస్‌బ్రేకరు ఉంటే ఆర్కిటిక్ సముద్రంలో ప్రయాణించవచ్చునని వాదించి, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో యెర్మాక్ అనే నౌకను నిర్మింపజేశాడు. 1899లో దానిపై స్పిట్స్‌బెర్గెన్‌కు ఉత్తరాన 81 డిగ్రీల అక్షాంశం దాటాడు. కాని మంచు తాకిడికి నౌక దెబ్బతిన్నది. 1901లో నోవయా జెమ్ల్యా ఉత్తర కొనను చుట్టిరాబోయి వారాల తరబడి మంచులో చిక్కుకొన్నాడు. ఆ ఏడు మంచు అసాధారణంగా దట్టంగా ఉన్నప్పటికీ, ప్రభుత్వం ఆర్కిటిక్ యాత్రల బాధ్యతనుండి ఇతనిని తప్పించి, యెర్మాక్‌ను బాల్టిక్ రేవులకు పంపింది. రష్యా-జపాన్ యుద్ధంలో, పోర్ట్ ఆర్థర్ వద్ద పెట్రోపావ్లోవ్స్క్ యుద్ధనౌక సముద్ర మందుపాతర తగిలి మునిగినపుడు మకరోవ్ మరణించాడు. 1959లో తొలి అణుశక్తి ఐస్‌బ్రేకరు లెనిన్ సేవలో ప్రవేశించేనాటికి యెర్మాక్ ఇంకా పనిచేస్తూనే ఉన్నది.