వాళ్ళ పక్కన నేలమీద కూర్చున్న జోసఫీన్ బట్లర్

రాహాబు కథ చెప్పేటప్పుడు సండేస్కూలు టీచరు ఒక మాట దగ్గర తడబడతారు. తెలుగు బైబిలు ఆ మాటను దాచలేదు. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో, ప్రభువు వంశావళిలోనే ఆమె పేరు ఉంది. అయినా మన ప్రసంగాలలో ఆమె విశ్వాసానికి అరగంట, ఆమె బ్రతుకుకు అర నిమిషం. అలా బ్రతుకుతున్న స్త్రీలు మన ఊళ్ళలో ఈ రోజుకీ ఉన్నారు. మన మందిరంలో చివరి వరుసలో కూర్చుని వెళ్ళేవారు కూడా ఉండవచ్చు. అది బయటకు చెప్పుకునే వీలు మన మధ్య లేదు గనుక మనకు తెలియదు.

ప్రియ పాఠకులారా, ఈ వారం ఒక గురువుగారి భార్య గురించి రాస్తున్నాను. ఇంగ్లండులో నూట యాభై ఏళ్ళ క్రితం, మర్యాదస్థులైన ఆడవాళ్ళు నలుగురిలో పలకకూడని విషయాన్ని ఆమె వేదికలెక్కి మాట్లాడారు. ఆమె పేరు జోసఫీన్ బట్లర్.

1828 ఏప్రిల్ 13న నార్తంబర్లాండ్ ప్రాంతంలోని మిల్‌ఫీల్డ్‌లో ఆమె జన్మించారు. తండ్రి జాన్ గ్రే వ్యవసాయంలో కొత్త పద్ధతులు తెచ్చిన పెద్దమనిషి, బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు. అప్పటి ప్రధానమంత్రి గ్రే ప్రభువుకు బంధువు. బానిసల మీద, ముఖ్యంగా బానిస స్త్రీల మీద జరిగే దారుణాలు ఆ ఇంట్లో పిల్లల ముందే మాట్లాడుకునేవారు. ఒక మనిషి శరీరం మీద ఇంకొకరికి చట్టం హక్కు ఇవ్వడం అంటే ఏమిటో ఆమె చిన్నప్పుడే విన్నారు. పదిహేడేళ్ళ ప్రాయంలో, లోకంలో ఇంత అన్యాయం ఉండగా దేవుడు ఎక్కడ ఉన్నాడని ఆమె మనస్సు చాలాకాలం నలిగిపోయింది. ఆ పెనుగులాటలో నుండి వచ్చిన ప్రార్థనా జీవితమే చివరివరకు ఆమెను నిలబెట్టింది.

1852లో జార్జ్ బట్లర్‌తో వివాహం జరిగింది. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో పండితుడు, రెండేళ్ళ తర్వాత ఆంగ్లికన్ సంఘంలో గురువుగా అభిషేకం పొందారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ రోజుల్లో అంతా మగవాళ్ళ ప్రపంచం. 1853లో ఎలిజబెత్ గాస్కెల్ రాసిన రూత్ అనే నవల వచ్చింది. మోసపోయి బిడ్డను కన్న ఒక పేద పిల్ల కథ అది. దాని మీద వాళ్ళ ఇంటి ముందుగదిలోనే చర్చ జరిగింది. అదే తప్పు మగవాడు చేస్తే చిన్నది, ఆడది చేస్తే క్షమించరానిది అని అక్కడి పండితులు తేల్చారు. జోసఫీన్ గారు మాట్లాడకుండా విన్నారు. ఆ రోజుల్లోనే ఆ ఊరి పండితుడొకడు ఒక అమ్మాయిని మోసం చేసి వదిలేశాడు, ఆమె తన పసిబిడ్డను చంపి న్యూగేట్ జైలుకు వెళ్ళింది. ఆ మనిషిని ఎవరైనా నిలదీయాలని జోసఫీన్ గారు ఒక పెద్దాయనను అడిగితే, ఈ విషయం కదపవద్దని సలహా వచ్చింది. శిక్ష తీరాక బట్లర్ దంపతులు ఆ అమ్మాయిని తమ ఇంట్లోనే పనికి పెట్టుకున్నారు. గురువుగారి ఇల్లు, అందులో పసిపిల్లలు, శిశుహత్య చేసిన పనిమనిషి. ఈ రోజు మనలో ఎంతమంది ఇలా చేయగలం?

తర్వాత వాళ్ళు చెల్టెన్‌హామ్‌కు మారారు. ముగ్గురు కొడుకులు, ఒక్కతే ఆడపిల్ల, ఈవ. 1864 ఆగస్టులో ఒక సాయంత్రం తల్లిదండ్రులు ఇంటికి రాగానే, వాళ్ళను కలుసుకోవడానికి ఆ పిల్ల పై అంతస్తులో పరుగెత్తుకొచ్చి మెట్ల కటకటాల మీదనుండి కింది హాలులోకి పడిపోయింది. వాళ్ళ కళ్ళ ముందే. ఆ రాత్రే చనిపోయింది. ఐదేళ్ళ పిల్ల.

రెండేళ్ళకు జార్జ్ గారికి లివర్‌పూల్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉద్యోగం వచ్చింది. దుఃఖంతో ఇంట్లో కూర్చోలేక, తనకంటే ఎక్కువ బాధపడేవాళ్ళను వెతుక్కుంటూ జోసఫీన్ గారు బ్రౌన్‌లో హిల్‌లోని వర్క్‌హౌస్‌కు వెళ్ళారు. దిక్కులేని బీదలను పెట్టే పెద్ద ప్రభుత్వ ఆశ్రమం అది. అందులో నేలకింది షెడ్లలో స్త్రీలు ఓడల పాత తాళ్ళను విప్పి పీచు తీసేవారు. కొందరు పడుకోవడానికి చోటులేక వచ్చినవాళ్ళు, కొందరు శిక్ష మీద వచ్చినవాళ్ళు, చాలామంది వీధిలో శరీరం అమ్ముకుని బ్రతికేవాళ్ళు. తారు పట్టిన ఆ తాళ్ళు విప్పితే వేళ్ళు చీలిపోతాయి. ఆమె వెళ్ళి వాళ్ళ పక్కన నేలమీద కూర్చుని తాను కూడా తాడు విప్పడం మొదలుపెట్టారు. ఆమెకు చేతగాలేదు. వాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వుతోనే స్నేహం కుదిరింది. కొన్నాళ్ళకు ఒక పొడవైన అమ్మాయి లేచి నిలబడి యోహాను సువార్త పద్నాలుగవ అధ్యాయంలో ప్రభువు తన శిష్యులను ఓదార్చిన మాటలు తప్పులేకుండా వల్లించింది. అందరూ ఆ తడి నేలమీదే మోకరించారు.

ఇక్కడ నాకు నచ్చేది ఒకటుంది. ఆమె వాళ్ళకు కరపత్రాలు పంచి తిరిగి వెళ్ళిపోలేదు. జబ్బుతో ఉన్నవాళ్ళను తన ఇంటికి తెచ్చుకున్నారు. గదులు నిండిపోయాక వేరే ఇల్లు తీసుకున్నారు, పని చేయగలవాళ్ళ కోసం కవర్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ పెట్టారు. ఆడపిల్లలకు చదువు లేకపోవడం, ఉన్న పనికి కడుపు నిండే కూలి లేకపోవడం వల్లనే ఎక్కువమంది వీధిలోకి వస్తున్నారని ఆమెకు అర్థమైంది. అందుకే స్త్రీల ఉన్నత విద్య కోసం, ఓటు కోసం జరిగే పనిలో కూడా చేరారు. 1868లో స్త్రీల విద్య, ఉద్యోగాల మీద ఒక చిన్న పుస్తకం రాశారు.

అసలు పోరాటం ఆ తర్వాత వచ్చింది. సైన్యంలో సుఖరోగాలు పెరిగిపోతున్నాయని 1864, 1866, 1869 సంవత్సరాలలో పార్లమెంటు అంటురోగాల చట్టాలు అనే పేరుతో మూడు చట్టాలు చేసింది. సైనిక పట్టణాలలో, ఓడరేవులలో, మొత్తం 18 చోట్ల అవి అమలయ్యాయి. మామూలు దుస్తుల్లో తిరిగే పోలీసు ఏ స్త్రీనైనా వేశ్య అని అనుమానిస్తే చాలు, ఆమె డాక్టరు ముందుకు రావాలి, లోహపు పరికరంతో జరిగే పరీక్షకు లోబడాలి. రోగం ఉంటే లాక్ హాస్పిటల్ అనే ఆసుపత్రిలో తొమ్మిది నెలల దాకా బంధిస్తారు. ఒప్పుకోకపోతే జైలు. ఒకసారి రిజిస్టరులో పేరు ఎక్కితే రెండు వారాలకొకసారి పరీక్ష. మరి సైనికులకో? వాళ్ళకూ పూర్వం పరీక్ష ఉండేది. అది మగవాళ్ళ ఆత్మగౌరవానికి భంగమని ముందే ఆపేశారు!

యోహాను ఎనిమిదవ అధ్యాయం చదివినవారికి ఈ లెక్క కొత్తేమీ కాదు. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని ఈడ్చుకొచ్చారు. ఆమెతో పట్టబడినవాడు ఆ గుంపులో కనబడడు.

1869లో ఈ చట్టాలకు వ్యతిరేకంగా స్త్రీలను నడిపించమని ఆమెను అడిగారు. ఆమె వారాల తరబడి ప్రార్థనలో గడిపారు. ఇలాంటి మాటలు వేదిక మీద మాట్లాడితే భర్త ఉద్యోగానికి, పిల్లల పేరుకు ఏమవుతుందో ఆమెకు తెలుసు. చివరికి ఒక కాగితం మీద రాసి జార్జ్ గారి చేతికిచ్చారు. ఆయన ముఖం పాలిపోయిందట, కాని వెళ్ళమన్నారు, దేవుడు తోడుంటాడన్నారు. ఆ డిసెంబరులోనే స్త్రీల జాతీయ సమాజం ఏర్పడింది. 1870 ఆరంభంలో పత్రికలో వచ్చిన నిరసన పత్రం మీద మొదట సంతకం చేసిన స్త్రీలు 124 మంది. అందులో ఫ్లోరెన్స్ నైటింగేల్, హారియెట్ మార్టినో ఉన్నారు.

ఆమె వాదన దయాదాక్షిణ్యాల మీద ఆగలేదు. నేరం ఏమిటో చెప్పకుండా, సాక్ష్యం లేకుండా ఒక స్త్రీని పట్టుకోవడం ఇంగ్లండు రాజ్యాంగానికే విరుద్ధమని 1871లో పుస్తకం రాశారు. కొందరు స్త్రీలను పక్కకు తీసి మగవాళ్ళ అవసరానికి శుభ్రంగా ఉంచడమంటే, ఆ పాపాన్ని ప్రభుత్వమే నడిపించడమని వాదించారు. వేశ్యల హక్కులకు కాపలా లేకపోతే ఏ స్త్రీ హక్కులకూ కాపలా ఉండదన్నది ఆమె పట్టు. పిచ్చిది అన్నారు, సిగ్గులేనిది అన్నారు. అన్నవాళ్ళలో సంఘ పెద్దలు, డాక్టర్లు కూడా ఉన్నారు. 1871లో నాటింగ్‌హామ్‌లో జరిగిన సంఘ మహాసభలో జార్జ్ గారు ఈ విషయం ఎత్తబోతే తోటి గురువులు కేకలు వేసి కూర్చోబెట్టారు. భార్య పిలుపు కోసం ఆ అవమానం తలమీద పెట్టుకున్న ఆ భర్త గురించి విడిగా ఒక వ్యాసం రాయవచ్చు.

1870లో కోల్చెస్టర్ ఉపఎన్నికలో, మాల్టాలో ఇలాంటి పద్ధతిని నడిపిన సర్ హెన్రీ స్టోర్క్స్ పోటీ చేశారు. ఆయనకు ఎదురుగా ప్రచారానికి వెళ్ళిన జోసఫీన్ గారి కోసం గుంపు హోటలు చుట్టుముట్టింది. హోటలువాళ్ళు భయపడి ఆమెను పంపేశారు. స్టోర్క్స్ ఓడిపోయారు. 1872లో పాంటిఫ్రాక్ట్‌లో గడ్డి నిల్వచేసే అటకమీద స్త్రీలతో ప్రార్థనా కూటం పెట్టుకుంటే కింద గడ్డికి నిప్పంటించారు. పొగలో ఊపిరాడక స్త్రీలు అల్లాడుతుంటే పోలీసులు చూస్తూ ఉండిపోయారు. ఆ ప్రమాదం నుండి వాళ్ళు క్షేమంగా బయటపడ్డారు గాని ఆల్డర్‌షాట్‌లో మిసెస్ పెర్సీ అనే విధవరాలు బయటపడలేదు. సైనికుల వినోద శాలల్లో పాడి పిల్లలను పోషించుకునే ఆమెను పోలీసులు పరీక్షకు రమ్మని వేధించారు. ఆమెకు పని ఇవ్వవద్దని యజమానులకు చెప్పారు. 1875లో ఆమె శవం కాలువలో దొరికింది.

పదహారేళ్ళు పట్టింది. 1883 ఏప్రిల్ 20న బలవంతపు పరీక్ష ఆపాలని జేమ్స్ స్టాన్స్‌ఫెల్డ్ పెట్టిన తీర్మానం 182కు 110 ఓట్లతో గెలిచింది. సభ జరుగుతుండగా దగ్గరలోని ఒక హోటలులో స్త్రీలు రాత్రి పొద్దుపోయేవరకు ప్రార్థనలో ఉన్నారు. చక్కగా దుస్తులు వేసుకున్న దొరసానుల పక్కనే లండన్ పేట స్త్రీలు మోకరించారు. 1886లో చట్టాలు పూర్తిగా రద్దయ్యాయి. ఆ మధ్యలో, 1885లో, పత్రికా సంపాదకుడు స్టెడ్‌తో కలిసి చేసిన పోరాటం వలన, ఆడపిల్ల సమ్మతి వయస్సు 13 నుండి 16కు పెరిగింది.

అయితే గెలిచాక ఆమె స్నేహితులు చాలామంది ఇంకో దారి పట్టారు. పవిత్రతా సంఘాలు అనే పేరుతో పోలీసులను వెంటబెట్టుకుని ఇళ్ళు మూయించడం, ఆ స్త్రీలను సామాన్లతో సహా వీధిలోకి తోయడం మొదలైంది. భక్తిపరుల పని గదా అని జోసఫీన్ గారు ఊరుకోలేదు. మనుషులను బలవంతంగా నీతిమంతులను చేయలేమని, ఇలా తరిమితే ఆ స్త్రీలు ఇంకా పెద్ద ఆపదలో పడతారని హెచ్చరించి దూరంగా నిలిచారు. వ్యభిచారం పాపమని ఆమె ఒక్కనాడూ సందేహించలేదు. లాఠీ సువార్త చేతిలో ఉండవలసిన వస్తువు కాదని కూడా సందేహించలేదు. ఈ రోజు స్త్రీవాదులలో ఇది వృత్తి కాదు హింస, అంతం కావాలి అనేవాళ్ళున్నారు. ఇది పని, పోలీసులను దూరంగా ఉంచి హక్కులు ఇవ్వండి అనేవాళ్ళున్నారు. రెండు పక్షాలూ ఆమెను తమ మనిషి అంటాయి. నా దృష్టికి ఆమె ఏ ఒక్కరి సంచిలోనూ పట్టరు. 2022 మే నెలలో మన సుప్రీంకోర్టు సెక్స్ వర్కర్లతో పోలీసులు గౌరవంగా నడుచుకోవాలని ఆదేశించినప్పుడు మాత్రం నాకు ఆమె గుర్తుకొచ్చారు.

మన దేశంతో కూడా ఆమెకు సంబంధం ఉంది. ఇంగ్లండులో చట్టాలు రద్దయిన 1886లోనే ఇక్కడి బ్రిటిష్ సైన్యాధికారులు, రెజిమెంటు బజార్లలో సరిపడినంతమంది, చూడ్డానికి బాగుండే స్త్రీలను ఉంచాలని సర్క్యులర్ పంపారు. కంటోన్మెంటు అన్న మాట సికింద్రాబాద్ వాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ సర్క్యులర్ బయటపడి పార్లమెంటులో గొడవైంది, ఇక్కడ 1868లో వచ్చిన చట్టం 1888లో పోయింది. కాని పేరు మార్చి పద్ధతి సాగుతోందని అనుమానం వచ్చింది. ఎలిజబెత్ ఆండ్రూ, డాక్టర్ కేథరిన్ బుష్నెల్ అనే ఇద్దరు అమెరికా విశ్వాసులు ఆమె ప్రోత్సాహంతో 1891–92లో ఉత్తర భారత కంటోన్మెంట్లు తిరిగి ఆ స్త్రీల నోటనే వివరాలు సేకరించారు. 1893లో విచారణ జరిగితే, లేదని వాదించిన లార్డ్ రాబర్ట్స్ క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

జోసఫీన్ గారు మాత్రం ఇండియాకు ఎప్పుడూ రాలేదు. మన స్త్రీల గురించి రాసినప్పుడు, తమకోసం తాము మాట్లాడలేని దీనులుగానే ఎక్కువ చూశారు. బ్రిటిష్ సామ్రాజ్యం సరిదిద్దుకుంటే దేవుని పని చేయగలదని నమ్మారు, దక్షిణాఫ్రికా యుద్ధంలో కూడా బ్రిటన్ పక్షమే రాశారు. స్త్రీవాద చరిత్రకారులు దీన్ని విమర్శించారు, ఆ విమర్శ న్యాయమే. లివర్‌పూల్ షెడ్డులో వాళ్ళ పక్కన కూర్చుని విన్నట్టు, మన బజార్లలో కూర్చుని వినే అవకాశం ఆమెకు దొరకలేదు. ఆ అవకాశం ఉన్నది మనకు. మహబూబ్‌నగర్, నిజామాబాద్ పల్లెల్లో జోగినులుగా మార్చబడిన దళిత స్త్రీలు, 1988లో ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చినా, బడి ఫారంలో తండ్రి పేరు గడి దగ్గర తమ పిల్లలతో పాటు ఎంత నలిగారో అక్కడ పరిచర్య చేసే సేవకులను అడగండి.

1890లో జార్జ్ గారు ప్రభువునందు నిద్రించారు. ఆయన జీవిత చరిత్ర ఆమే రాశారు. తర్వాతి సంవత్సరాలు ఆరోగ్యం సరిగా లేకున్నా ఉత్తరాలు, వ్యాసాలు ఆపలేదు. చివరికి పుట్టిన ప్రాంతానికే తిరిగి వెళ్ళి, 1906 డిసెంబరు 30న వూలర్ అనే చిన్న పట్టణంలో కన్నుమూశారు. దగ్గరలోని కిర్క్‌న్యూటన్ గుడి ఆవరణలో ఆమె సమాధి ఉంది. లివర్‌పూల్ కేథడ్రల్‌లో గొప్ప స్త్రీల పేరిట పెట్టిన రంగు అద్దాల కిటికీలలో ఒకదానిలో ఆమెకు చోటిచ్చారు, ఆమె తాడు విప్పడం చేతగాక నవ్వులపాలైన ఊళ్ళోనే.