నారింజ తోట వీడిన రాజు - ముతమిద్

వల్లూరు ప్రాంతం నుండి పులివెందుల వైపు ప్రయాణం చేసిన మన విద్యార్థులకు చీనీ తోటలు కొత్తవి కావు. బావి నీటితో, ఎండకు ఓర్చి, రైతు పెంచుకొనే ఆ చెట్ల నీడలో క్షణకాలం నిలిచిన వారికి పూత వేళ వచ్చే పరిమళం చిరకాలం జ్ఞాపకం ఉంటుంది. ఈ జాతి చెట్ల చరిత్ర మిక్కిలి ఆసక్తికరమైనది. సంస్కృతంలోని నారంగ శబ్దం పారసీకంలో నారంగ్ అయి, అరబ్బీలో నారంజ్ అయి, అరబ్బుల వెంట మధ్యధరా సముద్రతీరం చేరి, స్పానిష్ భాషలో నరంహగా స్థిరపడింది. మన నారింజ ఆ మాటలకు దగ్గరి చుట్టమే. మాటతో పాటు చెట్టూ ప్రయాణం చేసింది. ఆసియాలో పుట్టిన పుల్లనారింజ స్పెయిన్ దేశపు రాజప్రాసాదాలలో నీటికాలువల ప్రక్కన వేళ్లూనింది.

నేడు సెవిల్లె నగరంలో అల్కాజర్ అనే రాజప్రాసాదాన్ని దర్శించే యాత్రికులు ఆ నారింజ చెట్ల నడుమనే నడుస్తారు. అల్ ఖస్ర్, అనగా కోట అనే అరబ్బీ మాటే అల్కాజర్ అయింది. 1987లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన ఆ ప్రాసాదంలో నేడు కనిపించే భవనాలలో అధికభాగం తరువాతి కాలానివి. అయితే ఆ స్థలంలో పూర్వం ఒక కవిరాజు కొలువు తీరి ఉండేవాడు. అతడే ముతమిద్. ఆ తోటను చూడబోయే వారు ముందుగా అతని జీవితాన్ని తెలుసుకొనుట ఉచితం.

క్రీ.శ. 1031లో కొర్దోబా ఖిలాఫత్ అంతరించింది. అందలుస్ దేశం చిన్న చిన్న రాజ్యాలుగా చీలిపోయింది. అరాచకానికి ఉర్దూలో తవాయిఫుల్ ములూకీ అని పేరున్న సంగతి మన విద్యార్థులకు తెలిసినదే. ఆనాటి అందలుస్ చిన్నరాజులకు చరిత్రకారులు వాడిన పేరూ అదే. అప్పటికి ఇష్బీలియాగా ప్రసిద్ధమైన సెవిల్లెలో అబ్బాద్ వంశం వారు అధికారం చేపట్టారు. న్యాయాధికారిగా ఉన్న తాత రాజ్యానికి పునాది వేయగా, తండ్రి ముతదిద్ దానిని కత్తితో విస్తరింపజేశాడు. ఆ తండ్రి తాను చంపిన శత్రువుల పుర్రెలను తోటలో పూలకుండీలుగా ఉంచేవాడని కథనం. అటువంటి తోట ఉన్న ఇంటిలో సుకుమారహృదయుడైన కుమారుడు పెరిగాడు.

ముతమిద్ అసలు పేరు ముహమ్మద్. ఇతడు 1040 ప్రాంతంలో నేటి పోర్చుగల్‌లోని బేజాలో జన్మించాడు. చిన్నవయస్సులోనే సిల్వెస్ పట్టణానికి పాలకుడుగా వెళ్లాడు. అక్కడ ఇబ్న్ అమ్మార్ అనే పేదకవితో స్నేహం కుదిరింది. ఒకనాడు ఇరువురూ నది ఒడ్డున విహరిస్తూండగా ముతమిద్ ఒక పద్యపాదం చెప్పి, దానిని పూరించమని మిత్రుని అడిగాడట. మిత్రుడు తడబడగా, సమీపంలో ఉన్న ఒక దాసీకన్య దానిని అందంగా పూరించింది. ఆమెయే ఇతిమాద్. యువరాజు ఆమెను వివాహమాడాడు. ముతమిద్ అనే బిరుదు ఆమె పేరును అనుసరించి ధరించినదేనని చెబుతారు.

1069లో సింహాసనమెక్కిన ముతమిద్ కాలంలో సెవిల్లె కవులకూ పండితులకూ ఆశ్రయమైంది. ఇటుకలకై బురద త్రొక్కుతున్న స్త్రీలను చూచి ఇతిమాద్ తానూ అట్లే త్రొక్కాలని ముచ్చటపడగా, రాజు కస్తూరి, కర్పూరం, పన్నీరు కలిపించి బురద చేయించాడట. ఈ కథలో భార్యపై ప్రేమ ఎంత ఉన్నదో, ఖజానాపై నిర్లక్ష్యమూ అంత ఉన్నది. అప్పటికే ఉత్తరాన గల కాస్టిల్ రాజు ఆరవ అల్ఫోన్సోకు సెవిల్లె కప్పం చెల్లిస్తూ ఉండేది.

ముతమిద్ జీవితంలో చెరగని మచ్చ ఒకటి ఉంది. ప్రాణమిత్రుడైన ఇబ్న్ అమ్మార్‌ను మంత్రిని చేసి ముర్సియా జయించడానికి పంపగా, అతడు అక్కడ స్వతంత్రుడు కాదలచాడు. పైగా ఇతిమాద్‌ను నిందిస్తూ పద్యాలు వ్రాశాడు. కొంతకాలానికి బందీగా చిక్కిన ఆ మిత్రుని ముతమిద్ తన చేతులతోనే వధించాడు. పుర్రెల తోట నాటిన తండ్రి నెత్తురు కుమారునిలోనూ ఉన్నదని ఈ ఘటన చాటింది. మహాకవి అయినంత మాత్రాన మానవుడు క్రోధాన్ని జయించినట్లు కాదు.

1085లో తొలేదో నగరం అల్ఫోన్సో వశమైంది. ఆ నగరంలోని వ్యవసాయ పండితుడు ఇబ్న్ బస్సాల్ సెవిల్లె చేరగా, ముతమిద్ అతనికి ఆశ్రయమిచ్చి రాజోద్యానాన్ని అప్పగించాడు. మట్టిని గుర్తించుట, నీరు పెట్టుట, ఎరువు వేయుట, అంటు కట్టుట మొదలైన విషయాలను ఆ పండితుడు స్వానుభవంతో గ్రంథస్థం చేశాడు. నారింజ, నిమ్మ జాతుల పెంపకం కూడ అందులో ఉంది. కోట గోడలు కదులుతున్న వేళ కూడ ఆ రాజు ఒక తోటమాలి విద్యను గౌరవించాడన్నది గమనింపదగిన విషయం.

తొలేదో పతనం ముతమిద్‌ను కూడలిలో నిలబెట్టింది. ఊరకుంటే అందలుస్ అంతా అల్ఫోన్సో పరమవుతుంది. ఆఫ్రికా నుండి మురాబితుల నాయకుడు యూసుఫ్ బిన్ తాష్ఫీన్‌ను పిలిస్తే, వచ్చిన రక్షకుడే సింహాసనాన్ని హరించవచ్చు. ఈ అపాయం తెలిసే అతడు యూసుఫ్‌ను ఆహ్వానించాడు. 1086 అక్టోబరు 23న జల్లాకా యుద్ధంలో అల్ఫోన్సో సేనలు ఘోరంగా ఓడిపోయాయి. ముతమిద్ గాయపడి కూడ వెనుదీయక పోరాడాడు.

కాని భయపడినదే జరిగింది. చిన్నరాజుల పరస్పర కలహాలను, కప్పాలను, భోగాలను చూచి విసిగిన యూసుఫ్ వారి రాజ్యాలను ఒక్కొక్కటిగా ఆక్రమించాడు. 1091లో సెవిల్లె వంతు వచ్చింది. ముతమిద్ స్వయంగా కత్తి పట్టి పోరాడినా ఫలితం లేకపోయింది. ఆ యుద్ధాలలో కుమారులు హతులయ్యారు. వాదీ అల్ కబీర్ నదిలో ఓడలపై రాజకుటుంబాన్ని తరలిస్తూండగా ప్రజలు ఒడ్డున నిలిచి కంటతడి పెట్టారట.

మరాకష్ సమీపంలోని అఘ్మాత్‌లో అతనికి సంకెళ్లు వేశారు. కస్తూరి బురద త్రొక్కిన తల్లి బిడ్డలు అక్కడ కూలికి నూలు వడికి, చిరిగిన బట్టలతో, వట్టి పాదాలతో నిజమైన బురదలో నడిచారు. పండుగనాడు తనను చూడవచ్చిన కుమార్తెల ఆ దుఃస్థితి కన్న తండ్రి వ్రాసిన కవిత్వం అరబ్బీ సాహిత్యంలో శాశ్వతంగా నిలిచింది. రాజుగా వ్రాసిన దానికంటె ఖైదీగా వ్రాసినదే అతనికి అధిక కీర్తి తెచ్చింది. భార్య కన్నుమూసిన కొద్దికాలానికే, 1095లో అతడు మరణించాడు. ఒకప్పుడు వందల కవులను పోషించిన వాని జనాజా నమాజును ఒక పరదేశి కొరకని చాటవలసి వచ్చిందని చెబుతారు. ఎనిమిది శతాబ్దాల తరువాత అల్లామా ఇక్బాల్ 1933లో స్పెయిన్ సందర్శించి, 1935లో వెలువడిన బాలె జిబ్రీల్‌లో ఈ ఖైదీ ఆవేదనను ఉర్దూలోకి తెచ్చాడు. మన ఉర్దూ విద్యార్థులు దానిని తప్పక చదువవలెను.

విద్యార్థి మిత్రులారా! అబ్బాద్ వంశం పోయింది. దానిని కూల్చిన మురాబితుల ఏలుబడీ పోయింది. 1248లో సెవిల్లె కాస్టిల్ రాజుల వశమైంది. ఆ రాజులు సైతం ముస్లిం శిల్పుల పనితనాన్ని మెచ్చుకొని వారి రీతిలోనే ప్రాసాదం కట్టించుకొన్నారు. చేతులు మారిన ప్రతిసారీ కోటకు యజమాని మారాడు గాని, తోటకు నీరు పెట్టే విద్య మారలేదు. మన ప్రాంతంలో రైతు పుల్లని నిమ్మజాతి మొక్కపై చీనీ కన్ను అంటు కట్టి తియ్యని పండు పండిస్తాడు. చేదు అనుభవాల వేరుపై తియ్యని ఫలం పండించుట మనుష్యులకూ సాధ్యమేనని ముతమిద్ చెరసాల కవిత్వం తెలుపుతున్నది. అయితే పరస్పర కలహంతో ఇల్లు చీల్చుకొన్న వారికి తోట దక్కదని కూడ అతని జీవితమే తెలుపుతున్నది. ఈ రెండు పాఠాలనూ కలిపి చదువుకొన్నప్పుడే ఆ కథ మనకు ఉపకరిస్తుంది.