నాలుగున్నర శ్రుతి మనిషి

మన బడి స్వర్ణోత్సవ సంచికలో చదువుకుని పైకొచ్చినవాళ్ళ గురించి చాలామంది రాస్తారు. నేను మాత్రం బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఇర్వింగ్ బెర్లిన్. అమెరికా సంగీత నాటకాలకు పాటా తానే రాసి, వరసా తానే కట్టినవాడు. డిసెంబరు వస్తే ప్రపంచమంతా వినపడే వైట్ క్రిస్మస్ పాట ఆయనదే. మొత్తం దాదాపు 1,500 పాటలు. అన్ని పాటలు కట్టిన మనిషికి తన వరసను కాగితం మీద స్వరాలుగా రాసుకోవడం చివరిదాకా రాలేదు. ఇంజనీరునైన నన్ను ఆయన కథలోకి లాగింది ఆ సంగతే.

1888 మే 11న రష్యా సామ్రాజ్యంలో ఒక యూదు కుటుంబంలో, ఎనిమిదిమంది పిల్లల్లో ఆఖరివాడిగా పుట్టాడు. తండ్రి యూదుల ప్రార్థనామందిరంలో గాయకుడు. యూదుల మీద దాడుల్లో తమ ఇల్లు తగలబడిపోతుంటే దారి పక్కన దుప్పటి మీద పడుకుని చూడడం, పుట్టిన దేశం నుంచి ఆయన వెంట తెచ్చుకున్న జ్ఞాపకం. 1893లో ఓడెక్కి న్యూయార్క్ చేరారు. అప్పటికి పిల్లవాడికి అయిదేళ్ళు. లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేదల పేటలో కాపురం. తండ్రికి పాడే పని దొరకలేదు. మాంసం కొట్టులో కూలికి కుదిరాడు, పిల్లలకు హీబ్రూ పాఠాలు చెప్పాడు. 1901లో ఆయన కన్నుమూశాడు.

పదమూడేళ్ళ పిల్లవాడు వీధుల్లో పేపర్లు అమ్మాడు. అక్కలూ అన్నా తెచ్చే డబ్బు ముందు తన చిల్లర ఏ మూలకీ రాదని, ఇంటికి బరువైపోయానని అనిపించి ఇల్లు వదిలేశాడు. బవరీ వీధిలో రాత్రికి కొన్ని సెంట్లకు దొరికే పడకల మీద నిద్ర. సారా దుకాణాల్లో పాడితే విసిరే నాణేలే భోజనం. తరవాత చైనాటౌన్‌లోని పెలమ్ కేఫ్‌లో, వడ్డిస్తూ పాడే కుర్రాడిగా కుదిరాడు. తెల్లవారుజామున కొట్టు ఖాళీ అయ్యాక అక్కడున్న పియానో ముందు కూర్చుని తనకు తానే వాయించడం నేర్చుకున్నాడు. 1907లో ఆ కేఫ్ పియానిస్టు వరస కట్టగా, ఈయన మాటలు రాసిన మొదటి పాట అచ్చయింది. దాని మీద ఆయన వాటాకు అర డాలరు కూడా రాలేదు. కాని అచ్చులో పేరు ఐ. బెర్లిన్ అని పడింది. ఇజ్రాయెల్ బేలిన్ అనే కుర్రాడు అక్కడినుంచి ఇర్వింగ్ బెర్లిన్ అయ్యాడు.

ఇక నాకు ఇష్టమైన భాగం. తనకు తానే నేర్చుకోవడంవల్ల ఆయన వేళ్ళు ఎక్కువగా నల్ల మెట్ల మీదే నడిచేవి. అవి పైకి పొడుచుకుని, ఎడంగా ఉంటాయి కాబట్టి నేర్పేవాళ్ళు లేని వేలికి తేలిగ్గా దొరుకుతాయి. మన హార్మోనియం లెక్కలో చెప్పాలంటే ఆయనకు వచ్చింది ఒక్క నాలుగున్నర శ్రుతి. కాని గాయకులందరూ ఆ శ్రుతిలో పాడలేరు కదా. అందుకని ఆయన ఒక ప్రత్యేకమైన పియానో కొనుక్కున్నాడు. దాని మెట్ల కింద ఒక లీవరు. అది తిప్పితే లోపలి అమరిక పక్కకు జరిగి, వాయించేవాడు అవే మెట్లు నొక్కినా వేరే తీగలు మోగుతాయి. మన పద్యనాటకాల వాళ్ళు వాడే స్కేల్ ఛేంజర్ హార్మోనియంలో ఉండే ఉపాయమూ ఇలాంటిదే. హరిశ్చంద్రుడి గొంతు మారితే హార్మోనిస్టు వేళ్ళు మార్చుకోడు, మెట్లు జరుపుతాడు. బెర్లిన్ ఆ పియానోను జీవితమంతా వాడాడు. 1972లో అలాంటి ఒకదాన్ని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చాడు.

లీవరు ఒక్కటే సరిపోలేదు. ఆయన వాయించి వినిపిస్తే స్వరాలు రాసిపెట్టే సహాయకులు ఎప్పుడూ పక్కన ఉండేవాళ్ళు. ఏ స్వరం కింద ఏ స్వరం పలకాలో ఆయనకు చెవిలో స్పష్టంగా ఉండేది. అది పడేదాకా వాళ్ళను వదిలేవాడు కాదు. అంటే ఆయనకు లేనిది సంగీతం కాదు, దాన్ని కాగితం మీద పెట్టే అక్షరం.

1911లో అలెగ్జాండర్స్ రాగ్‌టైమ్ బ్యాండ్ అనే పాట ఆయనను దేశమంతటికీ పరిచయం చేసింది. 1912లో పెళ్ళి చేసుకుంటే కొద్ది నెలలకే భార్య డొరతీ టైఫాయిడ్‌తో పోయింది. ఆ దుఃఖాన్నీ పాటగానే కట్టాడు. 1914లో వాచ్ యువర్ స్టెప్ నాటకానికి మొదటిసారి పాటలన్నీ తానే సమకూర్చాడు. 1921లో భాగస్వామితో కలిసి తన నాటకాల కోసం మ్యూజిక్ బాక్స్ అనే థియేటరే కట్టించాడు. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు న్యూయార్క్ 45వ వీధిలో దాని ముందు కాసేపు నిలబడి వచ్చాను. ఇప్పటికీ అందులో నాటకాలు ఆడుతున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులతోనే దిస్ ఈజ్ ద ఆర్మీ అనే ప్రదర్శన తయారుచేసి, 1942 నుంచి మూడేళ్ళు ఖండాలు దాటించి తిప్పాడు. నల్లవారిని, తెల్లవారిని వేరువేరు దళాల్లో ఉంచే ఆ రోజుల సైన్యంలో ఆయన బృందంలో ఇద్దరూ కలిసి ఉన్నారు. వచ్చిన లక్షల డాలర్లు సైనికుల సహాయ నిధికి వెళ్ళాయి. ఆయన తనకంటూ ఏమీ తీసుకోలేదు.

1945 చివర్లో జెరోమ్ కెర్న్ అనే గొప్ప స్వరకర్త హఠాత్తుగా చనిపోతే, ఆయన చేయవలసిన నాటకం బెర్లిన్ దగ్గరికి వచ్చింది. అప్పటికి ఈయనకు 57 ఏళ్ళు. పాట కథలోనుంచే పుట్టాలనే కొత్త పద్ధతి వచ్చేసింది. తనవల్ల అవుతుందా అని వెనకాడాడు. చేతి డ్రాయింగుల కాలంలో ఉద్యోగంలో చేరి కంప్యూటరు మోడళ్ళు నేర్చుకోవలసి వచ్చిన నాకు ఆ భయం తెలుసు. చివరికి ఒప్పుకుని కట్టిన ఆనీ గెట్ యువర్ గన్ 1946లో మొదలై 1,147 ప్రదర్శనలు ఆడింది. 1962లో వేసిన మిస్టర్ ప్రెసిడెంట్ మాత్రం నిరాశ మిగిల్చింది. ఆ తరవాత ఆయన ఇంట్లోనే ఉండిపోయి, 1989 సెప్టెంబరు 22న 101 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఆయన చేసిన మరో పని మన సంఘానికి దగ్గరిది. 1918లో రాసి పక్కన పడేసిన గాడ్ బ్లెస్ అమెరికా పాటను 1938లో బయటికి తీస్తే అది రెండో జాతీయగీతమంత అయింది. దాని మీద వచ్చే రాబడి మొత్తం స్కౌట్ పిల్లలకు, గైడ్ పిల్లలకు చెందేలా 1940లో నిధి పెట్టాడు.

ఇది చదివి బడి మానేసినా ఫరవాలేదని ఎవరూ అనుకోవద్దు. బవరీ వీధిలో ఆయన పక్కన పడుకున్న పిల్లల పేర్లు చరిత్రలో లేవు. బెర్లిన్‌కు కేఫ్‌లో పియానో దొరికింది, లీవరు దొరికింది, రాసిపెట్టే చెయ్యి దొరికింది. నాకు మాత్రం మా సెక్షన్‌లో బల్ల మీద దరువు వేసి మాస్టారి చేత కూడా తల ఊపించిన కుర్రాడు గుర్తొస్తాడు. ఎనిమిదిలో ఉండగా తండ్రి పోయాడు, కుర్రాడు సైకిలు షాపులో చేరాడు. పదో తరగతి ఫోటోలో అతను లేడు. మన సంఘం జాబితా పదో తరగతి పూర్తిచేసినవాళ్ళతో తయారైంది కాబట్టి అందులోనూ లేడు.

అందుకే ఈ సంచిక ద్వారా సభ్యులకూ ఉపాధ్యాయులకూ రెండు మనవులు. అడ్మిషన్ రిజిస్టరు తీసి, మధ్యలో ఆగిపోయినవాళ్ళను కూడా వెతికి పూర్వ విద్యార్థులుగానే పిలుద్దాం. స్వర్ణోత్సవ నిధిలో కొంత, ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బడి మానేసే అంచున ఉన్న పిల్లల కోసం విడిగా పెడదాం. ఆ పిల్లలెవరో క్లాసు టీచర్లకు ముందే తెలుస్తుంది. వాళ్ళు పేర్లు చెబితే, ఆ ఇళ్ళకు వెళ్ళి మాట్లాడే పనికి నా పేరు మొదట రాసుకోండి.