సర్ రోనాల్డ్ రాస్

చలిజ్వరం వేల సంవత్సరాలుగా మానవజాతిని పీడిస్తున్న వ్యాధి. చిత్తడి నేలల నుండి వీచే చెడుగాలియే దీనికి కారణమని పూర్వం జనులు నమ్మేవారు. మలేరియా అనే మాటకు అర్థం కూడ చెడుగాలియే. ఆ నమ్మకాన్ని పటాపంచలు చేసిన పరిశోధన సికింద్రాబాదులో జరిగింది. ఆ పరిశోధకుడు సర్ రోనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని ఆల్మోరాలో జన్మించాడు. తండ్రి బ్రిటిషు భారత సైన్యంలో అధికారి. ఎనిమిదవ యేట విద్యాభ్యాసానికై రాస్ ఇంగ్లండు చేరాడు. కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం పట్ల ఆయనకు మక్కువ ఎక్కువ. అయినా తండ్రి కోరికను కాదనలేక వైద్యవిద్య అభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు.

1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. కాని అది ఒకరి నుండి మరొకరికి ఎట్లా చేరుతున్నదో తెలియలేదు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఆ జీవిని రాస్‌కు చూపి, దోమలపై తనకు గల అనుమానాన్ని వివరించాడు.

1895లో రాస్ సికింద్రాబాదులో పరిశోధన ప్రారంభించాడు. ఎన్నో దోమలను కోసి పరీక్షించాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. పంకా విసిరితే దోమలు ఎగిరిపోతాయని ఉక్కను సహించాడు. అయినా ఫలితం శూన్యం. దోమలన్నీ ఒకటి కావు; ఆయన పరీక్షించినవి ఈ వ్యాధిని మోసే జాతివి కావు.

1897 ఆగస్టులో మచ్చల రెక్కలున్న దోమలు లభించాయి. అవి అనాఫిలిస్ దోమలు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగికి దోమకాటుకు ఒక అణా చొప్పున చెల్లించి, వాటిచేత కుట్టించాడు. ఆగస్టు 20న ఒక దోమ జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులతో కూడిన గుండ్రని కణాలు కనిపించాయి. అవి పరాన్నజీవి రూపాలే. 1898లో కలకత్తాలో పక్షులపై పరిశోధించి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటు ద్వారా వ్యాపిస్తుందని నిరూపించాడు. అదే సంవత్సరం గ్రాసీ మొదలైన ఇటలీ శాస్త్రజ్ఞులు మానవ మలేరియాను అనాఫిలిస్ దోమ వ్యాపింపజేస్తుందని నిర్ధారించారు. ఈ ఘనత ఎవరిదన్న వివాదం రాస్‌కు, గ్రాసీకి మధ్య చాలాకాలం సాగింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది.

రాస్ చూసిన ఆ కణాల ప్రాముఖ్యం నేటి జన్యుశాస్త్రం వల్ల మరింత స్పష్టమయింది. మనిషి రక్తంలో పరాన్నజీవి తనవంటి నకళ్లనే పెంచుకుంటుంది. దోమ జీర్ణాశయంలో మాత్రం స్త్రీ, పురుష రూపాలు కలుస్తాయి. ఆ కలయిక నుండే గుండ్రని కణాలు ఏర్పడతాయి. ఒకే దోమ రెండు రకాల పరాన్నజీవులను పీల్చుకొన్నప్పుడు వాటి జన్యువులు కలిసి కొత్త రకాలు పుడతాయి. అందుకే మలేరియా విస్తారంగా ఉన్న ఆఫ్రికా ప్రాంతాలలో జన్యువైవిధ్యం అధికం. వ్యాప్తి తగ్గిన చోట సాధారణంగా స్వల్పం. మందులకు లొంగని రకాలు ఎదగడానికి, టీకాల తయారీ కష్టమవడానికి ఈ వైవిధ్యం ఒక కారణం. దోమను అరికట్టడమంటే వ్యాధిని ఆపడమే కాదు, పరాన్నజీవి కొత్త రూపాలు దాల్చే తావును మూయడం కూడ.

రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో మరణించాడు. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినంగా ఆయన కృషిని స్మరింపజేస్తున్నది. బేగంపేటలో ఆయన పరిశోధన సాగించిన భవనం, వరుస వైఫల్యాలకు వెరవని దీక్షకు గుర్తుగా నిలిచింది.